బెంచీ కాలికి నేర్చిన ముడి వెదురుకి పట్టదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా బడిలో గైడ్ కంపెనీ, అంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల దళం, రెండేళ్లుగా నా చేతిలో ఉంది. 22 మంది ఆడపిల్లలు, ఆరు నుంచి తొమ్మిది తరగతుల వాళ్లు. సగం మందికి ఇంట్లో తెలుగు, మిగతా వాళ్లకి ఒడియా, నలుగురు సవర పిల్లలు. నిరుడు డిసెంబర్లో తొమ్మిది మందిని ద్వితీయ సోపాన్ (గైడ్లలో రెండో మెట్టు) పరీక్షకి తీసుకెళ్తే ముగ్గురే గట్టెక్కారు. క్లాసులో చకచకా ముడులేసే పిల్లలు అక్కడ వెదుళ్లు చేతికిస్తే తెల్లమొహం వేశారు. ఉత్తరం చూపించమంటే తలో దిక్కూ చూపించారు. జూలైలో కర్ర పాతి నీడతో ఉత్తరం పట్టడం నేర్పాను గానీ, పుస్తకంలో ఉన్నట్టు రాలేదు. పరీక్షలో ప్రశ్నలన్నీ ఒడియాలో. ఇంటి దగ్గర అమ్మానాన్నలేమో "బ్యాడ్జీ ఎప్పుడొస్తుంది మేడం" అని ఒకటే గొడవ. ఈసారి వంట, ప్రథమ చికిత్స బ్యాడ్జీలు కూడా పెట్టాలని ఉంది. నేర్పింది మర్చిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: టీచర్ గారూ, మీ పిల్లలు ఏదీ మర్చిపోలేదు. వాళ్లు నేర్చుకున్నది ఒకటి, అక్కడ అడిగింది ఇంకొకటి. గదిలో కూర్చుని ఒళ్లో తాడు పెట్టుకుని వేసే ముడి వేరు, నిలబెట్టిన వెదురుకి మోకాళ్ల మీద కూచుని వేసే ముడి వేరు. చేతులు తిరిగే దిక్కు మారుతుంది, తాడు బరువు మారుతుంది, చూసే కోణం మారుతుంది. కాబట్టి ఈసారి తిరగేసి నేర్పండి. వెదురు ముందు, ముడి పేరు తర్వాత. ఎండ ముందు, పుస్తకంలో బొమ్మ తర్వాత.

ముడులతో మొదలుపెడదాం. ఎక్కువమంది తప్పేది రీఫ్ ముడి దగ్గరే. దానికి కారణం సగంసార్లు పిల్ల కాదు, నేర్పే మనిషి నిలబడే చోటు. మీరు పిల్లలకి ఎదురుగా నిలబడి "కుడిది ఎడమ మీదికి" అంటూ చేసి చూపిస్తే, పిల్లకి కనబడేది అద్దంలో బొమ్మ. సగం నోటితో విని, సగం కంటితో చూసి చేస్తుంది. మొదటి మెలిక మీ మాట ప్రకారం, రెండోది మీ చేతి ప్రకారం పడుతుంది. అలా వచ్చేదే గ్రానీ ముడి. పిల్ల పక్కన, ఆమె చూసే వైపే చూస్తూ కూచుని వేసి చూపించండి. తాడుకి ఒక కొసన ఎర్ర గుడ్డ పేలిక కట్టండి. ఎర్ర కొస ఎడమ చేతిలో పట్టుకుంటే దాన్ని కుడి మీదుగా వేసి మెలిక తిప్పాలి. ఇప్పుడు ఎర్ర కొస కుడి చేతిలోకి వచ్చింది. మళ్లీ ఆ ఎర్రదాన్నే ఎడమ దాని మీదుగా వేసి తిప్పాలి. రెండుసార్లూ పైన వెళ్లేది ఎర్రదే. ముడి సరిగా పడితే రెండు కొసలూ తాడుతో పాటే చదునుగా పడుకుంటాయి. కొసలు అడ్డంగా, శిలువలా నిలబడితే అది గ్రానీ. లాగితే జారుతుంది, లేకపోతే విప్పడానికి రాకుండా మొండికేస్తుంది.

తాడు విషయంలో పిసినారితనం వద్దు. ఒక్కో పిల్లకి సొంతంగా 3 మీటర్ల తాడు ఉండాలి, చిటికెనవేలు లావున, నూలుదో జనపదో అయితే మేలు. సంతలో రంగురంగుల ప్లాస్టిక్ తాడు చవగ్గా దొరుకుతుంది గానీ నున్నగా జారుతుంది. దానిమీద నేర్చుకున్న పిల్ల ముడి జారినప్పుడల్లా తప్పు తనదే అనుకుంటుంది. కొసలు పీచుపీచుగా విడిపోకుండా సన్నదారంతో చుట్టి కట్టడం, అంటే విప్పింగ్, మొదటి వారమే చేయించండి. అదీ పరీక్షలో అడిగేదే, తాడూ ఏడాదంతా నిలుస్తుంది.

ఇంకో మాట. మీ పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆవో మేకో ఉంటుంది. దాన్ని గుంజకి ఎలా కడుతున్నారో చూసి రమ్మనండి. ఇద్దరు ముగ్గురైనా క్లోవ్ హిచ్‌ని దాని పేరు తెలియకుండానే వేసి చూపిస్తారు. వాళ్లచేతే మిగతా వాళ్లకి నేర్పించండి. అదే ఊపులో ఆ ముడి బలహీనత కూడా చెప్పండి. తాడు ఒకే వైపు బిగువుగా లాగుతున్నంతసేపే క్లోవ్ హిచ్ పట్టు. పశువు అటూ ఇటూ గుంజుతూ తిరిగినా, గుంజ తిరిగినా సడలిపోతుంది. అందుకే దానిమీద ఒక సగం ముడి అదనంగా వేస్తారు. పరీక్షలో "ఈ ముడి ఎక్కడ వాడతారు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మందంలో తేడా ఉన్న రెండు తాళ్లు కలపడానికి షీట్ బెండ్, తడిసి జారే తాళ్లు కలపడానికి ఫిషర్‌మన్ ముడి, బిగుసుకోని ఉచ్చు కావాలంటే బోలైన్. వీటిని బట్టీ పట్టించకండి. నూతిలో చేంతాడు తెగితే ఏం వేస్తావు, మనిషిని నడుముకి కట్టి పైకి లాగాలంటే ఏం వేస్తావు అని అడుగుతూ పోండి.

ఇక మీ పిల్లలు తెల్లమొహం వేసిన లాషింగ్, అంటే రెండు వెదుళ్లని తాడుతో బిగించి కట్టడం. దీనికి కాస్త ఓపిక పట్టాలి.

రెండు వెదుళ్లు తీసుకోండి, ఒక్కోటీ దాదాపు 5 సెంటీమీటర్ల లావు. తాడు ఎంత కావాలి? రెండింటి లావూ కలిపి, ప్రతి అంగుళానికీ ఒక గజం. ఇక్కడ రెండూ కలిపి 4 అంగుళాలు, అంటే నాలుగు గజాలు, 3.6 మీటర్లకి పైనే. పరీక్షల్లో లాషింగ్ సగంలో ఆగిపోవడానికి పెద్ద కారణం పిల్లకి రాకపోవడం కాదు, చేతిలో ముడులు వేసే పొట్టి తాడే ఉండటం. ముడులకి ఒక తాడు, లాషింగ్‌కి వేరే తాడు. ఇది పిల్లలకి కూడా తెలియాలి.

నిలువు వెదురు, దాని మీద అడ్డ వెదురు. అడ్డ వెదురు వచ్చే చోటుకి సరిగ్గా కిందుగా, నిలువు దానికి క్లోవ్ హిచ్ వెయ్యాలి. మిగిలిన పొట్టి కొసని పొడుగు తాడు చుట్టూ మెలిపెట్టి దాచెయ్యాలి. ఇప్పుడు పొడుగు తాడు అడ్డదాని ముందు నుంచి పైకి, నిలువుదాని వెనక నుంచి అవతలికి, మళ్లీ అడ్డదాని ముందు నుంచి కిందికి, నిలువుదాని వెనక నుంచి మొదటి చోటికి. ఇది ఒక చుట్టు. ఇలాంటివి మూడు. ప్రతి కొత్త చుట్టూ అడ్డ వెదురు మీద పాతదానికి బయటి వైపున, నిలువు వెదురు మీద పాతదానికి లోపలి వైపున పడాలి. తాడు మీద తాడు ఎక్కకూడదు. ఎక్కిందంటే బరువంతా ఆ ఒక్క పోగు మీదే పడి, మిగతావి వదులుగా వేలాడతాయి. తర్వాత రెండు వెదుళ్ల మధ్య సందులోంచి, ఇంతవరకూ వేసిన చుట్ల మీదుగా అడ్డంగా రెండు చుట్లు. వీటిని ఫ్రాపింగ్ అంటారు. లాషింగ్‌కి ప్రాణం ఇవే. ఒక్కో చుట్టుకీ కాలు వెదురుకి తన్నిపెట్టి, ఒంటి బరువుతో లాగాలి. చివర అడ్డ వెదురుకి క్లోవ్ హిచ్‌తో ముగించాలి. మొదలు నిలువుకి, ముగింపు అడ్డానికి. పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ చివరి ముడిలోనే. ఫ్రాపింగ్ ఎంత బిగించినా, ముడి వేసేటప్పుడు చెయ్యి సడలించి కూచుంటారు. బొటనవేలితో తాడుని నొక్కిపట్టి వేయడం విడిగా పది సార్లు చేయించండి.

అడ్డంగా కాకుండా ఏటవాలుగా కలిసే వెదుళ్లకి డయాగనల్ లాషింగ్, దాని మొదలు టింబర్ హిచ్. ఎడంగా నిలిచే రెండు వెదుళ్లని కలిపి దగ్గరికి లాగడమే దాని పని. ఇది అర్థమైతే మొదలెందుకు వేరో కూడా అర్థమవుతుంది. టింబర్ హిచ్ లాగేకొద్దీ రెండు వెదుళ్లనీ దగ్గరికి తెస్తుంది, క్లోవ్ హిచ్ తేలేదు.

మీ చుట్టుపక్కల పచ్చి వెదురు సులువుగా దొరుకుతుంది కాబట్టి ఒక హెచ్చరిక. పచ్చి వెదురు ఎండేకొద్దీ సన్నబడుతుంది. సాయంత్రం కట్టినప్పుడు గట్టిగా ఉన్న చెప్పుల స్టాండు నాలుగు రోజుల్లో ఊగుతుంది. జనప తాడు, కొబ్బరి తాడు తడిస్తే బిగుస్తాయి, ఆరితే వదులవుతాయి. మంచు తడిసిన తాడుతో పొద్దున్నే కట్టి, ఎండెక్కాక పరీక్షకి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెదుళ్లు నెల ముందే కొట్టించి నీడలో ఆరబెట్టండి. తాళ్లు పొడిగా ఉండేలా సంచిలో పెట్టండి.

ఇప్పుడు మీ జూలై నీడ సంగతి. ఇందులో మీ తప్పేమీ లేదు, పుస్తకమే అన్ని ఊళ్లకీ ఒకే మాట చెప్పింది. "మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుంది" అన్నది కర్కాటక రేఖకి ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఏడాది పొడుగునా నిజం. గుణుపురం 19 డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. ఇక్కడ మే మధ్యలో ఒకసారి, జూలై చివర ఇంకోసారి పొద్దు సరిగ్గా నడినెత్తి మీదికొస్తుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అంటే జూలైలో మీరు పాతిన కర్ర సరిగానే చూపించింది, దాన్ని మనం తప్పు చదివాం. జూలైలో ఉత్తరాన్ని తలకిందులుగా నేర్చుకున్న పిల్ల డిసెంబర్లో గందరగోళపడక ఏం చేస్తుంది!

గడియారంలో 12 కొట్టడానికీ పొద్దు నడిమికి రావడానికీ కూడా పొంతన ఉండదు. మీ ఊళ్లో నవంబర్ మొదట్లో 11 గంటల 38 నిమిషాల ప్రాంతంలోనే నడిపొద్దు, ఫిబ్రవరి మధ్యలో 12 దాటి తొమ్మిది నిమిషాలకి. అందుకని టైము చూసి నీడ గీసే పద్ధతి మానేసి, నీడ కొస నడిచే దారి పట్టించండి. చదునైన నేల మీద మీటరు కర్ర నిటారుగా పాతాలి. నీడ కొస దగ్గర ఒక రాయి పెట్టాలి. ఇరవై నిమిషాలాగి, కొస జరిగిన చోట రెండో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఆ గీతకి మొదటి రాయి ఎడమ చేతి వైపు వచ్చేలా నిలబడితే ఎదురుగా ఉన్నదే ఉత్తరం. మధ్యాహ్నానికి అటూ ఇటూ గంటలోపు చేస్తే బాగా సరిగా వస్తుంది, పొద్దు వాలాక చేస్తే కాస్త పక్కకి పోతుంది. నేల వాలుగా ఉన్నా, కర్ర ఒరిగినా తేడా వస్తుంది. కర్ర నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే చాలు. డిసెంబర్ పరీక్షకైతే ఈ సాధన అక్టోబర్, నవంబర్లలో చేయించండి.

రాత్రి క్యాంపులో ధ్రువ నక్షత్రం అడుగుతారు. అది ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే చుక్క అని పిల్లలకి ఎవరు చెబుతారో గానీ, అది అంత వెలుగు చుక్కేమీ కాదు. ఎత్తు మాత్రం ఖచ్చితంగా చెప్పొచ్చు. ఏ ఊళ్లో చూసినా ఆ ఊరి అక్షాంశం ఎంతో, నేలగీత (నేలా ఆకాశం కలిసే గీత) నుంచి చుక్క ఎత్తు అంత. మీకు 19 డిగ్రీలు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. కాబట్టి నేలగీత మీద పిడికిలి మీద పిడికిలి, రెండు పిడికిళ్లు. ఉత్తరాన కొండ అడ్డం ఉన్న మైదానంలో చుక్క దాని వెనక దాక్కున్నా ఆశ్చర్యం లేదు, క్యాంపు స్థలం ముందే చూసుకోండి. డిసెంబర్ సాయంత్రాల్లో సప్తర్షి మండలం కనబడదు. అప్పుడు ఉత్తరాన ఎత్తులో ఐదు చుక్కలు వంకరటింకరగా ఉండే శర్మిష్ఠని చూసి, దానికి కిందుగా వెతకాలి. తెల్లవారుజామున 4 దాటాక లేపగలిగితే సప్తర్షులు పైకొచ్చి ఉంటారు. ముందున్న రెండు చుక్కల్ని కలుపుతూ, ఆ మధ్య దూరానికి ఐదింతలు పోతే ధ్రువం. చలిలో లేపినందుకు తిట్టుకుంటారు గానీ, చూసినవాళ్లు మర్చిపోరు.

దిక్సూచి గురించి ఒక్కటే: ఇనుప బెంచీ మీద పెట్టి చూపించొద్దు, మొబైల్ ఉన్న చేత్తో పట్టుకోవద్దు. పదహారు దిక్కులు బట్టీ పట్టించడం కన్నా బడి ప్రాంగణం మధ్యలో సున్నంతో పెద్ద చక్రం గీసి, 22.5 డిగ్రీలకి ఒకటి చొప్పున పిల్లల్ని నిలబెట్టి ఆడించండి.

ప్రథమ చికిత్సలో పరీక్ష తీసుకునేవారు నోటి జవాబుతో సరిపెట్టరు, మనిషి మీద చేయించి చూస్తారు. అందుకే సాధన కూడా ఎదురుగా మనిషి ఉండగానే. మోచేతి కింద దెబ్బకి ఆర్మ్ స్లింగ్, అంటే చేతిని మెడకి వేలాడదీసే కట్టు, వేసేటప్పుడు మూడు తప్పులు పదే పదే చూస్తాం. ముక్కోణపు గుడ్డ కొస మోచేతి వైపు కాక మణికట్టు వైపు పెట్టడం, చెయ్యి కిందికి వేలాడటం, ముడి మెడ ఎముక మీద పడటం. అరచెయ్యి మోచేతికన్నా కాస్త ఎత్తులో ఉండాలి. వేళ్లు బయటికి కనబడాలి, గోళ్లు నీలంగా మారుతున్నాయేమో చూడటానికి. ముడి దెబ్బ తగిలిన వైపే, భుజం దగ్గర కంఠాస్థి పైన ఉండే పల్లంలో. అది రీఫ్ ముడే కావాలి, చదునుగా ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు. పిల్లల యూనిఫాం స్కార్ఫ్ పెద్దవాళ్ల చేతికి చాలదు. మీటరు చదరం గుడ్డని మూలకి మూల కత్తిరిస్తే రెండు కట్లు వస్తాయి, పాత లుంగీ చాలు.

విరేచనాలైతే ఇచ్చే పానీయం అడిగితే పిల్లలు గడగడా చెప్పేస్తారు, కలపమంటే తప్పుతారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, పైన తీసేసి సమంగా. గోపురంలా నింపితే ఉప్పు రెట్టింపవుతుంది, మేలు చెయ్యాల్సింది కీడు చేస్తుంది. మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు సైజుల్లో దొరుకుతాయి, పెద్దది లీటరుకి, చిన్నది ఒక గ్లాసుకి అంటే 200 మిల్లీలీటర్లకి. పెద్ద పొట్లం గ్లాసులో కలపడం ఇళ్లలో కూడా జరిగే తప్పు. రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టి, పొట్లం మీద అక్షరాలు చదివించండి.

పాము కాటు మీ ప్రాంతంలో తప్పకుండా అడుగుతారు, అడగకపోయినా నేర్పాలి. గట్టిగా తాడు బిగించి కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మూడూ చెయ్యకూడనివే. గాజులు, ఉంగరాలు, పట్టీలు వెంటనే తీసెయ్యాలి, వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కాటు పడిన కాలిని కర్రతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లాలి, 108కి చెప్పాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు, తెల్లారి కడుపునొప్పి, కళ్లు మూతపడటంతో బయటపడుతుంది. మంత్రగాడి దగ్గరికి పోవడం మీద పిల్లలతో వాదన పెట్టుకోకండి, "ముందు ఆసుపత్రి, తర్వాత ఎవరి దగ్గరికైనా" అన్నది ఇంటికి తీసుకెళ్లగల మాట. కాలిన గాయానికి టూత్‌పేస్టు, సిరా వద్దు. ధారగా చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు, ఐసు కాదు.

వంట బ్యాడ్జీలో పిల్లలకి వంట రాక తప్పేవాళ్లు తక్కువ. నిప్పు రాక తప్పుతారు. నవంబర్లో అడవిలో ఏరిన కట్టె పైకి ఎండినట్టుంటుంది, లోపల తడి. విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగితే పక్కన పడెయ్యాలి. అగ్గిపుల్ల మందం, పెన్సిలు మందం, బొటనవేలు మందం, మూడు కుప్పలు విడివిడిగా పెట్టాకే అగ్గి వెలిగించాలి. పిల్లలు సన్నపుల్లలు మండగానే దుంగ పెట్టేసి ఆర్పేసుకుంటారు. పొయ్యి గాలికి ఎదురుగా తెరిచి పెట్టాలి. గిన్నె అడుక్కి బయట మట్టి పూస్తే మసి మట్టితో పాటే ఊడొస్తుంది, తోమేవాళ్ల చేతులు మిగులుతాయి.

ఎనిమిది మందికి కిలో బియ్యం, రెండు లీటర్ల నీళ్లు, పావు కిలో పప్పు. పిల్లలకి సరిపోతుంది, మిగలదు. గిన్నె లేకుండా వండమంటే చిలగడదుంప, గుడ్డు, చోడిరొట్టె చాలు. గుడ్డుని తడిమట్టిలో చుట్టే ముందు లావు వైపు సూదితో చిన్న బొక్క పెట్టాలి, లేకపోతే పగులుతుంది. వెదురుబొంగులో అన్నం చేయిస్తే చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. పచ్చి బొంగు, ఒక వైపు కణుపు మూసి, రెండో వైపు తెరిచి ఉండాలి. నానబెట్టిన బియ్యం సగానికి మించకుండా పోసి, నీళ్లు పోసి, మూతికి అడ్డాకు వదులుగా కుక్కాలి. నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉండాలి. ఇక్కడ ఒక్క విషయం ఏమరుపాటు లేకుండా చూడండి. రెండు వైపులా కణుపు మూసుకున్న వెదురు ముక్క పొయ్యిలోకి పోకూడదు. లోపలి ఆవిరికి దారి లేక టపాకాయలా పేలుతుంది, నిప్పులు ఎగురుతాయి. పొయ్యిలో వెదురు పెట్టాలంటే ముందు చీల్చాలి.

అక్టోబర్లో బయటి క్యాంపు పెట్టకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఎలా చేసిందో మీ వైపు పెద్దవాళ్లు ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. వంశధార పొంగే రోజులవి.

భాష గురించి మీరు పడుతున్న భయం కొంత తీసెయ్యొచ్చు. ఉత్తరం, దక్షిణం, పశ్చిమం ఒడియాలోనూ దాదాపు అవే మాటలు. ముడుల పేర్లు ఏ భాషలోనైనా ఇంగ్లీషువే. పిల్లలు తెల్లబోయేది ముడిని "గంఠి", తాడుని "దౌడి" అన్నప్పుడు. అలాంటి మాటలు ఓ ముప్పై ఉంటాయి. లాగ్ బుక్ చివరి పేజీలో తెలుగు, ఒడియా, హిందీ మూడు వరసల్లో రాయించండి. సవర పిల్లలు నాలుగో వరస వాళ్లే నింపుతారు. ప్రార్థన, జెండా గీతం హిందీవి కాబట్టి మాట మాటకీ అర్థం ఇంటిభాషలో చెప్పాకే పాడించండి. అర్థం తెలియని పాటలో పిల్లలు అక్షరాలు మింగేస్తారు. గైడ్ నియమంలో తొమ్మిది అంశాలు, గైడ్ ప్రతిజ్ఞలో "దేవుడు" బదులు "ధర్మం" అనొచ్చు. ఈ సంగతి పరీక్షలో అడుగుతారు.

22 మందిని 7, 7, 8గా మూడు పెట్రోళ్లు, అంటే చిన్న జట్లు, చెయ్యండి. ఇంటిభాషల వారీగా కాదు, కలిపి. ప్రతి పెట్రోల్ లీడర్‌కీ ముందు రోజు మీరు నేర్పితే, మర్నాడు తను ఆరుగురికో ఏడుగురికో నేర్పుతుంది. నేర్పిన పిల్లకి మాత్రం అది జన్మలో పోదు. విజిల్ సైగలు మొదటి నెలలోనే అలవాటు చెయ్యండి. పొడుగుగా ఒకటి అంటే నిశ్శబ్దం, పొట్టిపొట్టిగా వరసగా ఊదితే దగ్గరికి రండి, మూడు పొట్టి ఒక పొడుగు అంటే లీడర్లు రావాలి. మీ గొంతు మిగులుతుంది.

లాగ్ బుక్ ఆ రోజే రాయాలి. పరీక్ష ముందు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో రాసిన పన్నెండు నెలల లాగ్ బుక్ ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. తేదీ, ఏం చేశాం, ఏది తప్పింది, నాలుగు వాక్యాలు, ఒక పెన్సిలు బొమ్మ చాలు. అమ్మానాన్నలు వేయించిన రంగుల చార్టులకి, కొనుక్కొచ్చిన మోడళ్లకి విలువ లేదని మొదటి సమావేశంలోనే చెప్పెయ్యండి. వాళ్లడిగే "ఎప్పుడొస్తుంది"కి జవాబు కూడా అప్పుడే. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్, తర్వాత రాజ్య పురస్కార్, ఆ పైన రాష్ట్రపతి అవార్డు. ఒక్కో మెట్టుకీ మధ్య నిర్ణీత నెలలు గడవాల్సిందే, ఎంత తెలివైన పిల్లకైనా. నాన్నకి బదిలీ అయి పార్వతీపురమో శ్రీకాకుళమో వెళ్తే ఆ పిల్ల వేరే రాష్ట్ర అసోసియేషన్‌లోకి వెళ్తుంది. రైల్వే యూనిట్‌లో చేరినా అంతే, రైల్వే జోన్లు స్కౌటింగ్‌లో విడి రాష్ట్రాల లెక్క. అప్పుడు చేతిలో ఉండాల్సింది బట్టకి కుట్టిన బ్యాడ్జీ కాదు, సంతకం, తేదీ ఉన్న ధ్రువపత్రం. అన్నిటికీ నకళ్లు మీ దగ్గర ఒక ఫైల్లో ఉంచండి.

మాట్లాడటానికి బిడియపడే పిల్లలకి, ముఖ్యంగా మీ సవర పిల్లలకి, పరీక్ష వరస మార్పించండి. ముందుగా జిల్లా వాళ్లతో మాట్లాడి, చేతిపని మొదట, నోటి ప్రశ్నలు చివర పెట్టమనండి. సాధారణంగా ఒప్పుకుంటారు. వెదురు కట్టి చూపించాక పిల్ల తను కట్టినదాన్నే వేలితో చూపిస్తూ జవాబు చెబుతుంది, ఒడియా సగమే వచ్చినా నెగ్గుకొస్తుంది. నిరుడు తప్పిన ఆరుగురినీ నవంబర్ ఆఖరి శనివారం బయటి మనిషి ముందు, అంటే వాళ్లకి పరిచయం లేని టీచర్ ముందు, ఒకసారి నిలబెట్టండి. మీ ముందు బాగా చేసే పిల్ల కొత్తమొహం ముందు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ తెలుస్తుంది. మిగిలిన రెండు మూడు వారాలూ ఆ ఒక్క చోటు మీదే పెట్టండి.